సీ బుక్కులో రెండో పేరు

లోను మీద కొన్న కారు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో రెండు పేర్లుంటాయి. మొదటిది కొన్నవాళ్ళది. రెండోది ఫైనాన్షియర్ అన్న గడిలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. డెలివరీ రోజున నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొట్టే హడావిడిలో ఆ గడి వైపు ఎవరూ చూడరు. భీమవరమైనా అమలాపురమైనా కాకినాడైనా, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20 షోరూం వాళ్ళే నింపేస్తారు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే కొన్నవాళ్ళ పని. ఈ బండి ఫలానా బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉందన్న మాట ఆ ఫారంలోనే ఉంటుంది. అప్పు ఉన్నన్నాళ్ళూ ఆ కారును ఏం చెయ్యొచ్చు, ఎవరినడిగి చెయ్యాలి అన్నది ఆ మాట మీదే నడుస్తుంది.

కిస్తీ తప్పితే బండి పోతుందని అందరికీ తెలుసు కాబట్టి అక్కడ జాగ్రత్తగానే ఉంటారు. ఎదురుచూడని దెబ్బ తగిలేది వేరే చోట్ల: కారు అమ్మేటప్పుడు, యాక్సిడెంటో వరదో వచ్చినప్పుడు, రాష్ట్రం మారినప్పుడు, అన్నిటికన్నా విచిత్రంగా అప్పు పూర్తిగా తీరిపోయాక.

బంగారం కుదువ పెడితే నగ బ్యాంకు లాకర్లోకి పోతుంది, అప్పు తీరాక చేతికొస్తుంది. కారును అలా లోపల పెట్టుకుంటే ఇద్దరికీ ఉపయోగం లేదు. అందుకని బండి వాడుకునేవాళ్ళ దగ్గరే ఉంచి, దాని మీద హక్కు మాత్రం అప్పిచ్చినవాళ్ళకి రాసిస్తారు. అదే హైపోథికేషన్. పాత హైర్ పర్చేజ్ పద్ధతి వేరు. అందులో చివరి కిస్తీ కట్టేదాకా బండి ఫైనాన్షియర్‌దే, తోలుకునేవాళ్ళు అద్దెదారు లెక్క. దాని కోసం 1972లో పార్లమెంటు ఒక చట్టం చేసింది కానీ అది ఒక్కరోజు కూడా అమల్లోకి రాకుండానే 2005లో రద్దయిపోయింది. ఇప్పుడు సొంత కార్ల లోన్లు దాదాపు అన్నీ హైపోథికేషనే. అంటే మొదటిరోజు నుంచీ కారు కొన్నవాళ్ళదే, కానీ పూర్తి స్వేచ్ఛ ఉండదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి కారు టైటిల్ మీద ‘లీన్‌హోల్డర్’ అని కనబడేది ఈ రెండో పేరే. అక్కడ చాలా రాష్ట్రాల్లో అప్పు తీరేదాకా టైటిల్ అప్పిచ్చినవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, కాబట్టి మర్చిపోవడానికి వీలుండదు. ఇక్కడ సీ బుక్కు మన బీరువాలోనే ఉంటుంది, ఫోన్‌లో డిజిలాకర్‌లోనూ ఉంటుంది. కాగితం చేతిలో ఉందన్న ధీమాతో రెండో పేరును తేలిగ్గా తీసుకోవడం మన దగ్గర ఎక్కువ.

బాధ్యతల దగ్గర మాత్రం చట్టం ఆ రెండో పేరును పక్కన పెట్టేసింది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం హైపోథికేషన్‌లో ఉన్న బండికి యజమాని అంటే ఆ ఒప్పందం కింద బండి ఎవరి చేతిలో ఉందో వాళ్ళే. యాక్సిడెంట్ చేసిన బండి మీద లోను ఉన్నంత మాత్రాన బాధితులకి నష్టపరిహారం బ్యాంకు కట్టాల్సిన పని లేదని 2014లో సుప్రీంకోర్టు తేల్చేసింది. చలాన్లూ, కేసులూ, టాక్సులూ అన్నీ మొదటి పేరువాళ్ళకే వస్తాయి. అమ్మకమూ, బీమా సొమ్ముల విషయం వచ్చేసరికి రెండో పేరు ముందుకొచ్చి నిలబడుతుంది.

ఆ బలం సెక్షన్ 51 నుంచి వస్తుంది. ఆర్‌సీలో ఫైనాన్షియర్ పేరు ఎక్కిందంటే, వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప యాజమాన్యం మార్పు నమోదు కాదు. డూప్లికేట్ ఆర్‌సీ కావాలన్నా, పర్మిట్ రెన్యూవల్ చేయించాలన్నా, వేరే రాష్ట్రానికి తీసుకుపోవాలన్నా, సొంత బండిని టాక్సీగా మార్చాలన్నా వాళ్ళ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి. ఇదే సెక్షన్‌లో బండి యజమానికి పనికొచ్చే మాట కూడా ఒకటుంది, చాలామంది బ్యాంకు మేనేజర్లకి కూడా గుర్తుండదు. పేరు మార్పు మినహా పైన చెప్పిన పనులకి ఎన్‌ఓసీ అడుగుతూ అర్జీ పెడితే 7 రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకివ్వరో కారణం రాసి తెలియజెయ్యాలి. రెండూ చెయ్యకుండా ఊరుకుంటే ఇచ్చినట్టే లెక్క. అందుకే నోటిమాటగా అడక్కుండా అర్జీ రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

గోదావరి డెల్టాలో ఈ సెక్షన్‌కి అడ్డంగా నడిచే వ్యాపారం ఒకటుంది: ఫైనాన్స్ బండిని ఫైనాన్స్‌తో సహా అమ్మేయడం. రావులపాలెంలో ఒకాయన కారు లోను ఇంకా 4 లక్షలుంది అనుకుందాం. చేతిలో డబ్బాడక అమ్మేద్దామనుకున్నాడు. పాలకొల్లు నుంచి కొనేవాడొచ్చాడు. మధ్యలో ఏజెంటు. బ్యాంకుకి వెళ్ళి లోను మూసి, ఎన్‌ఓసీ తెచ్చి, పేరు మార్పించాలంటే నెల పడుతుందని ఏజెంటు లెక్క చెప్తాడు. ‘అదంతా ఎందుకండీ, 2 లక్షలు ఆయన చేతిలో పెట్టి బండి తోలుకుపోండి, మిగతా కిస్తీలు మీరే కట్టేసుకోండి, అన్నీ అయ్యాక పేరు మార్చుకోవచ్చండీ’ అంటాడు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాస్తారు. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, ఫారం 30 ఖాళీగా ఉంచి సంతకాలు పెట్టించుకుంటారు. తాళాలు చేతులు మారతాయి.

ఆ కాగితం అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య మాత్రమే పనికొస్తుంది. బ్యాంకు దృష్టిలో బాకీదారు రావులపాలెం ఆయనే. రవాణా శాఖ రికార్డులో యజమానీ ఆయనే. పాలకొల్లు ఆయన మూడు నెలలు కట్టి నాలుగో నెల మానేస్తే సిబిల్ స్కోరు పడిపోయేది అమ్మినవాడిది, ఫోన్లు వచ్చేది అమ్మినవాడికి, రికవరీ వాళ్ళు తలుపు కొట్టేది కూడా వాళ్ళింటిదే. ఇంకా పెద్ద టెన్షన్ రోడ్డు మీద ఉంది. బండి చేతులు మారీ మారీ ఎవరి దగ్గరున్నా సరే, రిజిస్ట్రేషన్ రికార్డులో పేరున్నవాళ్ళే యజమాని, యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్ళదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో బండి ఒకరి నుంచి ఒకరికి వరసగా అమ్ముడుపోయినా రికార్డులో మొదటాయన పేరే ఉండిపోయింది. చివరికి బాధ్యత ఆయన మీదే పడింది.

కొన్నవాడి పరిస్థితి ఇంతకన్నా ఘోరం. కిస్తీలన్నీ పైసాతో సహా కట్టినా ఎన్‌ఓసీ బ్యాంకు ఇచ్చేది బాకీదారుకే. అప్పటికి అమ్మినాయన హైదరాబాదు వెళ్ళిపోయి ఉండొచ్చు, ధర పెరిగిందని ఇంకో 50 వేలు అడగొచ్చు, చనిపోయి ఉండొచ్చు. మధ్యలో కారు తుక్కయితే సొంత డ్యామేజీ క్లెయిము కొన్నవాడికి రాదు, ఎందుకంటే పాలసీ ఆయన పేరున లేదు. అమ్మినవాడు వేరే అప్పేదో ఎగ్గొట్టి పారిపోతే దాని కోసం వచ్చినవాళ్ళకి కూడా ముందు దొరికేది ఈ బండే.

సరైన దారి అంత కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. అమ్మేవాళ్ళు బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకుంటారు. ఫలానా తేదీకి ఇంత కడితే లోను మూసుకుంటుందని అందులో ఉంటుంది. కొనేవాళ్ళు ఆ మొత్తాన్ని అమ్మేవాళ్ళ చేతికివ్వకుండా నేరుగా లోను ఖాతాలోకే వేస్తారు. ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చాక హైపోథికేషన్ కొట్టేయించి, ఆ తర్వాత పేరు మార్పు చేయించి, మిగిలిన డబ్బు అప్పుడిస్తారు. కొనేవాళ్ళకీ లోనే కావాలంటే వాళ్ళ బ్యాంకే పాత బాకీ తీర్చి కొత్త హైపోథికేషన్ రాయించుకుంటుంది. ఆలస్యం అవుతుందనేది ఏజెంటు బాధ, కొనేవాళ్ళది కాదు.

సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది. అక్కడ శుభ్రంగా ఉంటే చాలదు. మన ఊళ్ళలో చిన్న ఫైనాన్స్ వ్యాపారులు కొందరు ఆర్టీవో దగ్గర పేరే ఎక్కించరు. ప్రోనోటు రాయించుకుని, ఒరిజినల్ సీ బుక్కూ సంతకం పెట్టిన ఖాళీ ఫారాలూ తమ దగ్గర పెట్టుకుంటారు. రికార్డులో పేరు లేదు కాబట్టి సెక్షన్ 51 హక్కు వాళ్ళకి రాదు. అయినా ఆ ఖాళీ ఫారాలతో ఎవరి పేరు మీదికైనా బండి మార్చే ప్రయత్నం చెయ్యగలరు. ‘సీ బుక్కు ఇంట్లో ఎక్కడో ఉందండీ, ఫోన్లో ఉంది కదా’ అని అమ్మేవాళ్ళు అన్నారంటే అడ్వాన్సు జేబులోంచి తియ్యక్కర్లేదు.

ఇక కిస్తీల సంగతి. డెల్టాలో ఆదాయం నెలనెలా రాదు. సార్వా ధాన్యం డబ్బులు ఒకసారి, దాళ్వావి ఒకసారి, వనామీ రొయ్యల చెరువు పట్టుబడి అయితే ఒకసారి, కొబ్బరి దింపు తీసినప్పుడు ఒకసారి. ట్రాక్టరు లోన్లకి ఆరు నెలల కిస్తీ పద్ధతి ఉంది, కార్లకి మాత్రం నెల కిస్తీనే. మొండి బాకీ లెక్కలోనూ ఈ తేడా కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వరి లాంటి స్వల్పకాలిక పంట రుణం రెండు పంట కాలాలు దాటినా కట్టకపోతేనే మొండి బాకీ అవుతుంది. అదే రైతు కారు లోను 90 రోజులు దాటితే చాలు. తెగులు పడి ఒక వరి పంట పోయిందంటే పంట రుణానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది, కారు లోనుకి ఉండదు. సీజన్ డబ్బులు వచ్చినప్పుడే ఓ నాలుగైదు కిస్తీలు విడిగా ఖాతాలో వేసి ఉంచేవాళ్ళకి ఈ ఇబ్బంది రాదు. షోరూంలో ఎవరూ ఆ సలహా ఇవ్వరు.

తప్పాక బండి తీసుకుపోయే హక్కు ఫైనాన్షియర్‌కి ఒప్పందంలోనే ఉంటుంది. కానీ దానికి పద్ధతి ఉంది. ముందు నోటీసు ఎన్నాళ్ళివ్వాలి, బండి ఎలా తీసుకోవాలి, అమ్మేముందు కట్టుకోవడానికి చివరి అవకాశం ఎలా ఇవ్వాలి అన్నవి ఒప్పందంలో రాసి ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్తుంది. రికవరీ ఫోన్లు ఉదయం 8కి ముందూ సాయంత్రం 7 తర్వాతా చెయ్యకూడదు. గూండాలను పంపి బండ్లు లాక్కోవడాన్ని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుబట్టింది. సిద్ధాంతం ఊరి దారిలో కుర్రాళ్ళు బైకులు అడ్డం పెట్టి తాళాలు లాక్కున్నారంటే అది ఆ పద్ధతి కాదు. బండి స్వాధీనమయ్యాక యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే, ఫైనాన్షియర్ ఫారం 36 పెట్టి కొత్త ఆర్‌సీ తన పేరున తెచ్చుకోవచ్చు. దానికి ముందు రవాణా శాఖ రిజిస్టరు పోస్టులో నోటీసిచ్చి యజమాని మాట వినాలి. వేలంలో బాకీ కన్నా ఎక్కువొస్తే మిగులు యజమానికి తిరిగివ్వాలి, తక్కువొస్తే లోటు యజమాని కట్టాలి. కారు పోయింది కాబట్టి అప్పూ పోయిందనుకోవడం పొరపాటు.

బీమా దగ్గర రెండో పేరు లెక్క డబ్బుల్లో కనిపిస్తుంది. పాలసీ మీద ఐఎంటీ 7 అని ఒక ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి చేర్చిన షరతు ఉంటుంది, ఫైనాన్షియర్ హక్కు చెప్పేది అదే. చిన్న రిపేర్లకి దాంతో పనిలేదు. కారు పూర్తిగా పోయినప్పుడు మాత్రం సొమ్ము ముందు ఫైనాన్షియర్‌కి వెళ్ళి, బాకీ పోను మిగిలిందే యజమానికి వస్తుంది. ఉదాహరణకి ఎక్స్ షోరూం ధర 8.5 లక్షలు, రోడ్డెక్కేసరికి 10 లక్షలైన కారు తీసుకుందాం. లోను 8 లక్షలు, వడ్డీ 9.5 శాతం, 60 నెలలు. కిస్తీ సుమారు 16,800. రెండేళ్ళయ్యేసరికి అసలు ఇంకా 5.24 లక్షలు మిగిలుంటుంది. రెండేళ్ళు దాటిన కారుకి బీమాలో 30 శాతం తరుగు కాబట్టి విలువ 5.95 లక్షలు. కారు కొట్టుకుపోతే యజమానికి చేరేది 70 వేల చిల్లర. అదే డౌన్ పేమెంట్ దాదాపు లేకుండా 9.5 లక్షల లోను తీసుకుని ఉంటే మిగిలిన అసలు 6.23 లక్షలు. కారు లేదు, పైగా బ్యాంకుకి ఇంకో 28 వేలు ఎదురు కట్టాలి. రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవరు ఈ లోటు కోసమే. ‘జీరో డౌన్ పేమెంట్’ బోర్డు చూసి కొన్నవాళ్ళకి అది ఖర్చు కాదు, అవసరం.

ఇది ఊహకందని సంగతేం కాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు కోనసీమ లంకలు ఎలా మునిగాయో అందరూ చూశారు. సమగ్ర పాలసీలో వరద నష్టం ఉంటుంది, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. నీళ్ళలో నిలిచిపోయిన కారును మళ్ళీ స్టార్ట్ చేయబోయి ఇంజను పాడైతే ఇంజన్ ప్రొటెక్ట్ కవరు లేనిదే క్లెయిము ఇబ్బందిలో పడుతుంది. కిస్తీలు జరుగుతుండగా ఖర్చు తగ్గుతుందని సమగ్ర పాలసీ మానేసి థర్డ్ పార్టీతో సరిపెట్టడం సాధారణంగా లోను ఒప్పందానికే విరుద్ధం.

యానాం విషయం ఈ డెల్టాకే ప్రత్యేకం. కాకినాడకి 30 కిలోమీటర్ల దూరంలో, గౌతమి ఒడ్డున, చుట్టూ ఆంధ్రా ఉన్నా అది పుదుచ్చేరి. అక్కడి బండికి పీవై 04 నంబరు. పక్కూరిదే కదా అని ముచ్చటపడి ఆ నంబరు కారు కొన్నవాళ్ళకి అది చట్టం లెక్కలో వేరే రాష్ట్రం బండి. 12 నెలలు దాటి ఆంధ్రాలో ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. యానాం ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, లోను ఉంటే దానికన్నా ముందు ఫైనాన్షియర్ ఎన్‌ఓసీ. అలాంటి కారు తక్కువకొస్తోందంటే ఈ పన్నూ ఈ తిరుగుడూ కలిపి చూసుకున్నాక కూడా తక్కువేనా అన్నది లెక్కేసుకోవాలి.

చివరి కిస్తీ కట్టిన రోజున బ్యాంకు నుంచి మెసేజీ వస్తుంది, లోను మూసుకుందని. ఆర్‌సీలో పేరు దానంతటదే పోదు. బ్యాంకు ఎన్‌ఓసీ, యజమానీ ఫైనాన్షియరూ ఇద్దరూ సంతకం పెట్టిన ఫారం 35 రవాణా శాఖకి చేరితేనే ఆ గడి ఖాళీ అవుతుంది. ఎన్‌ఓసీ మీద చెల్లుబాటు గడువు కూడా ఉంటుంది, చాలావాటికి మూడు నెలలే. బీరువాలో దాచిన ఎన్‌ఓసీ కారు అమ్మే రోజుకి పనికిరాకుండా పోవడం మామూలే. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది. వ్యక్తిగత రుణం తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి, ఎక్కడైనా నమోదైన చార్జి ఉంటే తీయించాలి, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలి. సొంతానికి తీసుకున్న కారు లోను రిజర్వు బ్యాంకు లెక్కలో వ్యక్తిగత రుణాల కిందికే వస్తుంది. ట్రావెల్స్‌కి తిప్పే బండి రాదు.

కొన్నిసార్లు బ్యాంకే ఆపుతుంది. కారు లోను తీరింది కానీ అదే బ్రాంచిలో పంట రుణం బాకీ ఉందనో, బావమరిది లోనుకి హామీ సంతకం పెట్టారనో అంటారు. ఒప్పందంలో అలాంటి షరతు ఉందో లేదో చూడాలి, ఆపుతున్న కారణం కాగితం మీద అడగాలి. నోటితో చెప్పిన అభ్యంతరాలు కొన్ని కాగితం అడగ్గానే మాయమవుతాయి.

పాత కార్లకి ఇంకో చిక్కు. ఆర్‌సీలో ఆంధ్రా బ్యాంక్ అని ఉంటుంది, వెళ్దామంటే ఆ బోర్డే లేదు. 1923లో బందరులో పుట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) 2017లో స్టేట్ బ్యాంకులో, ఐఎన్‌జీ వైశ్యా 2015లో కోటక్‌లో కలిశాయి. మన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. ఎన్‌ఓసీ ఇవ్వాల్సింది ఇప్పుడున్న బ్యాంకే. పాత లోను ఖాతా నంబరు, మూసిన తేదీ ఉన్న స్టేట్‌మెంటు చేతిలో ఉంటే పని తొందరగా అవుతుంది. ఎన్‌ఓసీలో పాత బ్యాంకు పేరు, విలీనం సంగతి, బండి నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. అక్షరం తేడా ఉన్నా ఆర్టీవో ఆఫీసు వెనక్కి పంపుతుంది. ఆ గడి ఖాళీ అయ్యాక అదే ఆర్‌సీ కాపీని బీమా కంపెనీకి పంపి పాలసీ మీద కూడా ఫైనాన్షియర్ పేరు తీయించాలి, లేకపోతే క్లెయిము రోజున చెక్కు ఎవరి పేరున రాయాలన్న ప్రశ్న మళ్ళీ లేస్తుంది.